మద్దిలేటి వెనక కూర్చున్న రోజు

నంద్యాలలో మోటారుసైకిళ్ళ సీట్లు కుట్టే దస్తగిరి మేస్త్రికి ఒక అలవాటు ఉండేది. కొత్త సీటు కావాలని వచ్చినవాడు కొట్లో ఉన్న సీటును బొటనవేలితో నొక్కి, ఇది మెత్తగా ఉంది, ఇదే వేయమన్నాడంటే ఆ రోజు వాడికి సీటు దొరికేది కాదు. పాత సీటు ఒకటి బండికి బిగించి, పొద్దుగూకేదాకా తిరిగి రమ్మని పంపేసేవాడు. తిరిగొచ్చినవాడు ఎక్కడెక్కడ నొప్పో చెబితే, అప్పుడు కత్తెర పట్టేవాడు. ఆయన తండ్రి దూదేకి పరుపులు కుట్టినవాడు. ఈ పద్ధతి ఆయన దగ్గర అబ్బిందే. ఊళ్ళు పట్టుకుని తిరిగే మందుల కంపెనీల వాళ్ళూ విత్తనాల ఏజెంట్లూ మేస్త్రిని తిట్టుకుంటూ పోయేవారు, మళ్ళీ ఆయన్నే వెతుక్కుంటూ వచ్చేవారు.

ఆయన దగ్గర ఏడేళ్ళుగా పని నేర్చుకుంటున్న మద్దిలేటి ఒకనాడు పొద్దున్నే మొహం గంటు పెట్టుకుని వచ్చాడు. పనిలో చెయ్యి పెట్టలేదు. తిన్నగా గురువు ముందుకొచ్చి నిలబడి అడిగాడు.

"మెత్తటిదాన్ని మెత్తగుందని ఒప్పుకోని మనిషిని ఏం చేయాల మేస్త్రీ?"

ఆ మనిషి ఎవరో మేస్త్రికి తెలుసు. ఆ మాటకొస్తే వీధికంతా తెలుసు. ఆమె మద్దిలేటి భార్య చెన్నమ్మ. పుట్టిల్లు కంభం. నల్లమల ఘాటు దాటి తొంభై కిలోమీటర్ల పైమాటే. పెళ్ళయిన నాలుగేళ్ళ నుంచీ నెలకోసారన్నా అతను ఆమెను బండి మీద తీసుకుపోయేవాడు. కూతురు పుట్టాక ఆ పిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. దిగిన ప్రతిసారీ నడుము పోయిందనేది. కట్టుకున్నవాడేమో సీట్లు కుట్టేవాడు, అతనికి ఆ మాట ఎంత తలవంపు! అందుకని కిందటేడు పట్టుబట్టి కొత్త సీటు కుట్టాడు. ఎర్రదారంతో వజ్రాల్లాంటి గళ్ళ కుట్టు వేశాడు, అంచు వెంబడి వేలంత లావున ఉబ్బెత్తు కుట్టు తిప్పాడు. ముందు భాగంలో తనకు గట్టి స్పాంజి పెట్టుకున్నాడు. ఆడమనిషి కదా అని వెనక భాగంలో వెన్నలాంటి స్పాంజి రెండు పొరలు వేశాడు. ఆమెను పిలిచి చేత్తో నొక్కించాడు. మెత్తగానే ఉందని ఆమే అన్నది. మరింకేం కావాలన్నాడు.

అయినా ఆమె నడుము నొప్పి అనడం మానలేదు. అతను అరవడమూ మానలేదు. కిందటి నెల చెన్నమ్మ అన్న ఇల్లు కట్టుకుని గృహప్రవేశం పెట్టుకుంటే, ఆమె బండెక్కనని చెప్పి, పిల్లను చంకనేసుకుని బస్సులో వెళ్ళిపోయింది. అక్కడ విస్తళ్ళ ముందు ఎవరో నవ్వారట, సీట్లు కుట్టేవాని పెండ్లాం బస్సులో వచ్చిందే అని. ఆ మాట నంద్యాలకు చేరింది. పుండు మీద కారం చల్లినట్టయింది మద్దిలేటికి. ఫోన్ చేసి, బండెక్కేదుంటే ఇంటికి రా, లేకుంటే ఆడనే ఉండు అన్నాడు. ఆమె ఫోన్ పెట్టేసింది. ఇరవై రెండు రోజులయింది. పౌరుషమనేది మగవాళ్ళకు ఎంత సులువుగా పుట్టుకొస్తుందో! దాన్ని దించుకోవడమే చేతగాక చస్తారు. పైకి నిప్పులు కక్కుతున్నాడు గానీ, ఆమె నిజంగానే రాదేమోనన్న భయం అతనికి ఉండనే ఉంది. పిల్ల గొంతు విని ఇరవై రెండు రోజులాయె.

మేస్త్రి కత్తెర పక్కన పెట్టి లేచాడు. షట్టరు దించి, మద్దిలేటి బండి తాళంచెవి అడిగి తీసుకున్నాడు. కంభం పోదామన్నాడు, వెనక ఎక్కమన్నాడు. మద్దిలేటి ప్రాణం లేచొచ్చింది. పెద్దమనిషి వచ్చి ఆమెకు నాలుగు బుద్ధిమాటలు చెబితే ఇంక తిరుగేముంది? ఉబ్బిపోతూ ఎక్కి కూర్చున్నాడు. తను కుట్టిన సీటు మీద వెనక కూర్చోవడం అతనికి అదే మొదటిసారి.

గాజులపల్లె దాకా బాగానే ఉంది. మెత్తగా, సుఖంగా, తన పనితనానికి తనే మురిసిపోయేటట్టుగా ఉంది. అడవిలోకి దిగేసరికి ఆ మెత్తదనమంతా ఎటుపోయిందో పోయింది. స్పాంజి అణగారి అట్టయింది. కింద రేకు ఉందని ఎముకలకు తెలిసింది. ఉబ్బెత్తు కుట్టు తొడల కింద కోయడం మొదలుపెట్టింది. మలుపులో మేస్త్రి బ్రేకు వేసినప్పుడల్లా వాలుగా ఉన్న సీటు మీద నుంచి జారి ముందుకు వచ్చి ఆయన వీపున పడుతున్నాడు.

"వెనక్కి జరుగు," అన్నాడు మేస్త్రి.

జరిగాడు. మళ్ళీ జారాడు. మళ్ళీ అదే మాట. పట్టుకోవడానికి ఏమీ లేదు, కాళ్ళు బిగబట్టుకుంటే పిక్కలు పట్టేస్తున్నాయి. ఘాటు సగం దాటేలోగా మద్దిలేటికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఒక్క నిమిషం ఆపమన్నాడు. ఇంకెంత, వచ్చేసినాం అన్నాడు మేస్త్రి. దిగువమెట్ట దగ్గర మళ్ళీ అడిగాడు, అదే జవాబు. గిద్దలూరులో టీ కొట్టు కనబడితే, దాహంగా ఉందని అబద్ధం కూడా ఆడాడు. బండి ఆగలేదు. అప్పటిదాకా గురువు మాటకు ఎదురు చెప్పనివాడు, ఆ రోజు నడిరోడ్డున గొంతు చించుకున్నాడు. ముసలాయనకు మతి పోయిందా, నడుము విరిగిపోతా ఉంటే మనిషికి చెవులు వినబడవా అని అడిగాడు. మేస్త్రి తల కూడా తిప్పలేదు.

"చేత్తో నొక్కి చూడు, మెత్తగానే ఉండాది," అన్నాడు.

మద్దిలేటి ఆ మాట గుర్తుపట్టాడు. అవన్నీ దారిలో చెన్నమ్మతో తను అనే మాటలే. వెనక్కి జరగమన్నదీ, వచ్చేసినాం అన్నదీ, ఇదీ. ఒక్క ముక్క మారలేదు. సిగ్గుపడ్డాడని చెబితే బాగుంటుంది గానీ, అప్పుడతనికి సిగ్గు రాలేదు. ఒళ్ళంతా కోపమే వచ్చింది. ఈయనకు ఇదంతా ముందే తెలుసు, కుట్టేనాడే చూశాడు, చూసి నోరు మెదపలేదు. మిగతా దూరమంతా ఆయన వీపును చూస్తూ పళ్ళు నూరాడు. ఒళ్ళో పిల్ల కూడా ఉండుంటే ఏ చేత్తో ఏం పట్టుకునేవాణ్ణి అన్న ఆలోచన కంభం పొలిమేరలో గానీ అతనికి తట్టలేదు. తట్టిన తర్వాత మేస్త్రి మీద పళ్ళు నూరడం ఆగింది.

కొత్త ఇంటి ముందు బండి ఆగింది. చెన్నమ్మ గడప దగ్గర గిన్నెలు తోముతోంది. మద్దిలేటి దిగాడు గానీ నిటారుగా నిలబడలేకపోయాడు. ఒక చెయ్యి నడుం మీద, ఒక చెయ్యి బండి మీద పెట్టుకుని వంగిపోయి ఉన్నాడు. దారిపొడుగునా ఏమేమో చెబుదామనుకున్నాడు. తీరా ఆమె లేచి ఎదురుగా నిలబడేసరికి, చంటిపిల్లాడు ఫిర్యాదు చేసినట్టు, ఈయన దారిలో యాడా ఆపలేదు అన్నాడు.

"నువ్వెప్పుడు ఆపినావు?" అంది చెన్నమ్మ.

ఆమె నవ్వలేదు. ఇరవై రెండు రోజుల కోపం కాదది, నాలుగేళ్ళది. మసి చేతులు అట్లాగే పెట్టుకుని, వీధిలో నలుగురూ వింటున్నారని కూడా చూడకుండా అడిగింది.

"నా నోటితో చెప్తే నమ్మలేదు. ఈరోజు నీ నడుము చెప్తే నమ్మినావు. నేను అబద్ధాలకోరునని ఎట్లా అనుకున్నావు?"

 మద్దిలేటి సాకులు వెతకలేదు, అదొక్కటీ అతని మేలు. తల వంచుకుని, తప్పయింది, ఇంటికి రా అన్నాడు. సీటు విప్పి మళ్ళీ కుడతానని మొదలుపెట్టబోతే ఆమె అడ్డుకుంది. సీటు సంగతి తర్వాత, రేపు పిల్లను తీసుకుని వస్తాను, బస్సులోనే వస్తాను, ఇష్టమైతే నువ్వూ అందులోనే రా అంది. వస్తానన్నాడు. ఎవరు నవ్వినా సరేనా అని అడిగింది. సరేనన్నాడు. ఆమె మొహంలో కోపం పోలేదు గానీ, లోపలికి పోయి నిద్రపోతున్న పిల్లను ఎత్తుకొచ్చి అతని భుజాన వేసింది. నడుము కలుక్కుమన్నా పిల్లను దించలేదు అతను.

తర్వాత చేతులు కడుక్కుని, అరుగు మీద కూర్చున్న మేస్త్రికి చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చింది. అరవై దాటిన మనిషి, ఘాటంతా తోలుకుంటూ వచ్చాడు. అలుపైనా లేకుండా కూర్చుని ఉన్నాడు. ఆమెకు ఆశ్చర్యమేసి, ఈ వయసులో ఇంత దూరం వచ్చినావు, నీకేం నొప్పి లేదా మామా అని అడిగింది.

మేస్త్రి నీళ్ళు తాగి చెంబు కింద పెట్టాడు.

"నాకేం నొప్పి తల్లీ?" అన్నాడు. "నేను ముందు కూర్చుంటి కదా."