బొద్దన్న మూసిన అలుగు

అనగనగా ఒక అడవిలో, రెండు గుట్టల నడుమ, బొద్దన్న అనే ఎలుగుబంటి ఉండేవాడు. అతను సొంతంగా మట్టికట్ట పోసి ఓ కుంట కట్టుకున్నాడు. ఆ నీళ్లతో చెరుకు పండించేవాడు. కట్టకు ఓ చివర అలుగు ఉండేది. కుంట నిండాక మిగిలిన నీళ్లు ఆ దారినే వాగులోకి పోయేవి.

ఆ ఏడు వానలు ముందే వచ్చాయి. కుంట నిండింది, అలుగు పారింది. నీళ్లు పోతుంటే బొద్దన్నకు ప్రాణం పోతున్నట్టే ఉంది.

"నా నీళ్లు నా కుంటలోనే ఉండాలి," అనుకున్నాడు. దుంగలు పేర్చి, బంకమట్టి మెత్తి, అలుగు మూసేశాడు.

నీళ్లు ఇంకా పెరిగాయి. బొద్దన్నకు సంబరం తలకెక్కింది. కట్ట మీద తైతక్కలాడాడు. బోర్లా పడ్డాడు. లేచి మళ్లీ ఆడాడు. కోతులు చేరి చప్పట్లు కొట్టాయి.

కట్ట దిగువన ముళ్లక్క అనే ముళ్లపంది పిల్లలతో బొరియలో ఉండేది. ఆమె పైకొచ్చి, "బొద్దన్నా, కట్ట వెనక తడి ఊరుతోంది. అలుగు తెరువు," అంది.

"తడి కాదక్కా, చెమట. ఇన్ని నీళ్లు మోస్తే పట్టదా మరి?" అని బొద్దన్న గిరగిరా తిరిగాడు.

మర్నాడు ముళ్లక్క మళ్లీ వచ్చింది. "కట్ట మట్టి పెళ్లలు పెళ్లలుగా జారుతోంది," అంది.

"ఒళ్లు విరుచుకుంటోందిలే," అన్నాడు బొద్దన్న. కోతులు పడీపడీ నవ్వాయి.

మూడోసారి ముళ్లక్క పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చింది. "బురదనీళ్లు చిమ్ముతున్నాయి. కట్ట లోపలి మట్టి కరిగిపోతోంది. కుంట నీదే బొద్దన్నా, కాదనను. తెగితే మునిగేది మాత్రం మా ఇల్లు," అంది.

బొద్దన్న చూద్దామని కట్ట వెనక్కి దిగాడు. కాలు మోకాలిదాకా కూరుకుపోయింది. ఎక్కిన సంబరమంతా ఒక్కసారే దిగిపోయింది. గుట్టల మీద మబ్బు కమ్ముతోంది. వణుకుతున్న ముళ్లక్క పిల్లల్ని చూశాడు. కాలు పీక్కుని అలుగు దగ్గరికి పరుగెత్తాడు.

మట్టి గోకాడు. దుంగ పట్టి లాగాడు. అది కదల్లేదు.

"నా నడుం పట్టుకుని లాగండర్రా," అన్నాడు కోతులతో.

అతని నడుం ఒక కోతి పట్టుకుంది, దాని తోక ఇంకో కోతి పట్టుకుంది. హైలెస్సా అంటూ అందరూ లాగారు. దుంగ ఊడింది. కోతులు వెల్లకిలా పడ్డాయి. బొద్దన్న నీళ్లతోపాటు అలుగులోంచి జర్రున జారి, వాగులో బొంగరంలా తిరిగి, ఒడ్డునున్న తన చెరుకుతోటలోనే చతికిలబడ్డాడు. అతని బరువుకు చెరుకుగడలు ఫటఫటా విరిగాయి. ముళ్లక్క పిల్లలు నవ్వారు. నోట్లోంచి బురద ఉమ్మేసి బొద్దన్న కూడా నవ్వాడు.

కుంటలో నీళ్లు తగ్గాయి. కట్ట వెనక చిమ్మే ధార సన్నబడి, ఆగింది. ఆ రాత్రి కురిసిన వాననీళ్లన్నీ అలుగు దారినే వాగులోకి పోయాయి. తెరిపివ్వగానే అందరూ కలిసి మెత్తబడ్డ చోట కొత్త మట్టి పోసి గట్టి చేశారు.

విరిగిన గడలు పోను, ఆ ఏడు బొద్దన్నకు చెరుకు సగమే దక్కింది. ముళ్లక్క ఇంట్లోకి మాత్రం చుక్క నీరు రాలేదు.

నీతి: కట్ట ఒకరి సొంతమైనా, అది తెగితే మునిగేది దిగువనున్న వాళ్లందరూ. ఆపద గురించి చెప్పేవాళ్ల మాట నవ్వి కొట్టేయకూడదు.