మెలికమ్మ బొడిపెల చిప్ప

ఒకప్పుడు రాళ్లకు తమ ఈడు తెలిసేది కాదు. అవన్నీ సముద్రం అడుగున మెత్తని మట్టి పొరలుగా ఉండేవి. ముందు పరుచుకున్నది అక్క, దాని మీద పరుచుకున్నది చెల్లెలు. అంతే.

వాటిలో నల్లపొర ఒకటి. దాని మీద, నీళ్లలో, మెలికమ్మ అనే సుడిగవ్వ తిరిగేది. మెలికమ్మ వాళ్లకొక ఆచారం ఉంది. ఒక తరం వాళ్లంతా, సముద్రంలో ఏ మూలనున్నా, ఒకే తీరు చిప్ప వేసుకోవాలి. అమ్మ చిప్ప లాంటిది మాత్రం కూతురు వేసుకోకూడదు.

"ఎందుకే ఈ సోకులు? మా ముత్తాత చిప్పే నాకూ సరిపోయింది," అని ఆల్చిప్ప మూతి తిప్పేది.

"నీకు సరిపోయింది, సరే. మాకు విసుగు," అనేది మెలికమ్మ.

కొన్నాళ్లకు మెలికమ్మ ముసలిదై, నల్లపొర ఒడిలో కన్నుమూసింది. ఆ తరం వాళ్లంతా అలాగే పోయారు.

తర్వాత ఎప్పుడో భూమి ఒళ్లు విరుచుకుంది. గట్టిపడిన పొరలు విరిగి కొండలయ్యాయి. నల్లపొర రెండు ముక్కలైంది. ఒక ముక్క ఇక్కడ, దాని కవల ఎక్కడో. నల్లపొరకు బెంగ పట్టుకుంది.

"గాలి మామా, నా కవలను వెతికి పెట్టవూ? దాని ఒడిలోనూ ఆల్చిప్పలుంటాయి," అంది.

గాలి వెళ్లింది, ఉసూరుమంటూ తిరిగొచ్చింది. "అవతల కొండలో నల్లపొరలు మూడున్నాయే! మూడింట్లోనూ అవే ఆల్చిప్పలు. రెండు 'నేనంటే నేను' అని మీద పడ్డాయి. నడుమనున్నది నోరే విప్పలేదు."

నల్లపొర తన ఒడిలోకి చూసుకుంది. "ఆల్చిప్పను వదిలెయ్ మామా. మెలికమ్మను చూడు. వాళ్లమ్మ చిప్పకు గీతలు, కూతురిది నున్నటి చిప్ప. మెలికమ్మ చిప్పకు అంచంతా బొడిపెలు. అలాంటి చిప్ప ఉన్నదే నా కవల."

గాలి మళ్లీ వెళ్లింది. ఒక పొరలో గీతల చిప్ప. "నువ్వు పెద్దదానివి." ఇంకోదాంట్లో నున్నటి చిప్ప. "నువ్వు చిన్నదానివి." నడిమి పొరలో దుమ్ము ఊదితే బొడిపెలు కనిపించాయి.

"ఇందాక చెప్పవేం?" అని గాలి కసిరింది.

"ఖాయంగా తెలియకుండా ఎలా చెప్పను మామా? అది నాకోసం వెతుకుతోందా?" అందా పొర.

గాలి ఆ మాటను నల్లపొరకు మోసుకొచ్చింది. కొండలు నడవలేవు కాబట్టి ఆ రెండూ కలిసింది లేదు. కానీ బెంగ తీరింది.

మెలికమ్మ వంశం తర్వాత అంతరించింది. ఆల్చిప్ప ఇంకా ఉంది, దాని చిప్పను చూసి ఏ రాయి ఈడూ ఎవరూ చెప్పలేరు. అప్పటినుంచే, ఎంత దూరాన ఉన్న రాళ్లయినా, ఒకే తీరు సుడిగవ్వను ఒడిలో పెట్టుకుంటే అవి ఒక ఈడువి.