తామరాకు శాలువా

ఏటికీ చెరువుకీ మధ్య అడ్డంగా ఉన్నది ఒక్క గట్టే. గట్టు పొడవునా తుమ్మకంప. ఆ కంప ఎవరు వేశారో, ఎందుకు వేశారో చెరువులో చాలామంది మర్చిపోయారు. కడుపు నిండా నీళ్లున్న రోజుల్లో అలాంటివి ఎవరికి గుర్తుంటాయి?

ఆ ఏడు ఎండలు ముందే ముదిరి చెరువు మోకాలి లోతుకు దిగిపోయింది. అవతల ఏట్లో మాత్రం నీళ్లు నిండుగానే ఉన్నాయి. అప్పుడు పుట్టింది గండి సాధన సమితి. దానికి అధ్యక్షుడు కొంగ పరంధామయ్య. మల్లెపువ్వు లాంటి బట్ట, ఒంటికాలి మీద నిలకడ, సగం మూసిన కళ్లు. ఆయన నోరు విప్పకముందే తలలూపేవాళ్లు చెరువులో సగం మంది.

"గట్టుకు చిన్న గండి కొడితే చాలు, ఏరే మన గడపలోకి నడిచొస్తుంది," అన్నాడు పరంధామయ్య. "తవ్వడానికి ఎండ్రకాయల్ని మాట్లాడాను. కానీ నిర్ణయం నాది కాదండోయ్, మీది. పౌర్ణమి నాడు పొద్దున్నే ఓట్లు. గండి కావాలంటే గవ్వ వెయ్యండి, వద్దంటే గులకరాయి."

మర్నాటి నుంచి భోజనాలు మొదలయ్యాయి. మధ్యాహ్నం అయ్యేసరికి తామరాకుల్లో చేపలు! చేపలు పడనివాళ్లకు నత్తలు. మొన్నటిదాకా గట్టే మా ప్రాణమని అరిచిన కప్ప గంగులు, రెండు నత్తలు లోపలికి పోగానే "గండి కావాలి, గంగ రావాలి" అని గొంతు చించుకున్నాడు.

తినకుండా కూర్చున్నది ఒక్క తాబేలు చలమయ్య. వయసులో అందరికీ తాత.

"తాతా, నువ్వూ గవ్వే వెయ్యి," అంది బాతు వరాలమ్మ. ఆమెకు ఏడుగురు పిల్లలు, పుట్టి ఇంకా నెల కాలేదు. "బురదలో పిల్లల కాళ్లు కూరుకుపోతున్నాయి. నిన్న చిన్నదాన్ని మెడ పట్టి లాగాల్సొచ్చింది. నా గుండె ఆగిపోయిందనుకో."

"నీ కష్టం నిజమేనమ్మా. నీళ్లు నాకూ కావాలి. ఈ చేపలు ఎక్కడివా అనే నా దిగులంతా. నేను పుట్టాక మన చెరువులో ఇంతింత చేపల్ని చూడలేదు."

"కడుపునిండా పెడితే తినాలి గానీ, కులగోత్రాలు అడుగుతారా? పెళ్లి సంబంధం చూస్తున్నావా ఏంటి?"

చలమయ్య నవ్వేసి, నెమ్మదిగా నడుచుకుంటూ పరంధామయ్య దగ్గరికి చేరాడు. "అబ్బాయ్, ఈ భోజనాల ఖర్చు ఎవరిది?"

"అభిమానులది బాబాయ్. తలా ఓ చేప."

"ఎవరా అభిమానులు?"

"గుప్తదానం. పేరు చెప్పొద్దన్నారు."

చలమయ్య చెరువంతా తిరిగి అందరినీ అడిగాడు. తిన్నామన్నవాళ్లే గానీ ఇచ్చామన్నవాళ్లు ఒక్కరూ లేరు. మళ్లీ కొంగ దగ్గరికే వచ్చాడు.

"అబ్బాయ్, అంతా నీ చేతి మీదుగానే జరుగుతోంది. మిగతావాళ్లు పేరొద్దన్నారు కాబట్టి దాతవు నువ్వేనని ప్రకటించేద్దాం. ఓట్లకు ముందు చిన్న సభ, తామరాకు శాలువా. గట్టు కింద పెడదాం, గాలి బాగా వస్తుంది."

వద్దనాలని పరంధామయ్యకు ఒక్క క్షణం అనిపించింది. పాపం, శాలువా అన్న మాట వినేసరికి మెడ దానంతటదే ముందుకు వంగింది.

పౌర్ణమి పొద్దున సభ నిండిపోయింది. గంగులు గొంతు సవరించుకున్నాడు. "సోదర సోదరీమణులారా! ఎవరినీ చెయ్యి చాచి అడక్కుండా, సొంత ముక్కుతో చేపలు పట్టి, పది రోజులు మన కడుపులు నింపిన దానకర్ణుడు, మన పరంధామయ్య గారు!"

"నాదేముందండీ, ఏదో ఉడతాభక్తి," అని కొంగ కళ్లు పూర్తిగా మూసుకుని మెడ వంచాడు. గంగులు తామరాకు పైకెత్తాడు.

"ఆపండిరా!"

గట్టు అదిరింది. తుమ్మకంప మధ్యలోంచి బారెడు మూతి ఒకటి పైకి లేచింది. ఏటి మొసలి భూషణం! పొట్ట గట్టెక్కనివ్వదు, కంప ముందుకు రానివ్వదు. అందుకని మూతి ఒక్కటే సభకు హాజరైంది.

"ఆ పుల్లముక్కుకు అంతంత చేపలు చిక్కుతాయా? నావి! ప్రతి చేపా నాదే! నేను పది రోజులు నోరు కట్టుకుని పంపిస్తే, శాలువా వీడికా?"

అందరూ వెనక్కి జరిగారు. చలమయ్య మాత్రం మర్యాదగా రెండడుగులు ముందుకు వేశాడు. "అయ్యో, తమరా దాత! తెలియక పొరపాటు జరిగింది. ఇంత ఉపకారం ఎందుకు చేశారు బాబూ?"

"ప్రజాసేవ," అన్నాడు భూషణం గర్వంగా. "కావాలంటే ఆ బాతమ్మని అడగండి. ఆమె ఏడుగురు పిల్లలూ నా చేపలు తినే కదా అంత బొద్దుగా తయారయ్యారు!"

వరాలమ్మ రెక్కలు ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. పిల్లలు ఆమె రెక్కల కింద ఉన్నారు, ఒక్కరూ బయటికి కనబడటం లేదు. గట్టు అవతలి మొసలికి ఏడుగురని ఎలా తెలిసింది? బొద్దుగా ఉన్నారని ఎవరు చెప్పారు?

ఆమె తల తిప్పి పరంధామయ్య వైపు చూసింది. "అన్నయ్యా, లెక్క నువ్విచ్చావా?"

పరంధామయ్య తల దించుకుని, "గండి పడి ఏరూ చెరువూ ఒకటైతే, ఆ పెద్ద చెరువుకూ నన్నే అధ్యక్షుణ్ణి చేస్తానన్నాడమ్మా," అని గొణిగాడు.

వరాలమ్మ నోటితో గులకరాయి తీసుకెళ్లి కుప్పలో వేసింది. ఆ చప్పుడు విని అందరూ లేచారు. గంగులు వేశాడు, ఎండ్రకాయలు వేశాయి. గవ్వలు పెట్టినవి పెట్టినట్టే ఉండిపోయాయి. ఆఖరికి పరంధామయ్య కూడా అటూ ఇటూ చూసి, ఓ గులకరాయే వేశాడు.

"మరి నా శాలువా?" అన్నాడు భూషణం.

"ఇస్తామన్నాక ఇవ్వకపోతే ఎలా?" అన్నాడు చలమయ్య. గంగులు దూరం నుంచే తామరాకు విసిరాడు. అది సరిగ్గా వెళ్లి మూతి మీద పడింది. భూషణం ఆ ఆకుతోనే వెనక్కి జారిపోయాడు. పది రోజుల చేపలకు ఆయనకు దక్కింది అదే.

"తాతా, ఆయనేనని నీకు ముందే తెలుసా?" అంది వరాలమ్మ.

"తెలియదమ్మా. దానం చేసి దాక్కున్నాడంటే మనం భయపడాల్సినవాడే అనుకున్నాను. తన శాలువా ఇంకొకడు కప్పుకుంటుంటే చూస్తూ ఊరుకోడని మాత్రం తెలుసు."

చెరువు జనం ఆ రోజే పూడిక తీయడం మొదలుపెట్టారు. రెండు మూరలు తవ్వేసరికి నీళ్లు ఊరాయి. ఇంకో వారానికి వరాలమ్మ పిల్లలు ఏడుగురూ అందులో ఈదులాడారు. పూడిక ఎత్తే పని పొడుగు ముక్కున్నవాడికే అప్పగించారు. పరంధామయ్య మల్లెపువ్వు బట్ట ఇప్పుడు బురద రంగులో ఉంది, సభల్లో మాట్లాడటానికి ఆయనకు తీరిక లేదు.

నీతి: ఓటు అడిగేవాడి మాట వినేముందు, వాడి విస్తట్లో వడ్డిస్తున్నది ఎవరో చూసుకోవాలి.