కొండమ్మ అడిగిన ఒక్క మాట

పొద్దున్నే ముసురు పట్టింది. కొమ్మలన్నీ జారుడు. అనగనగా ఒక అడవిలో జంతువులన్నీ, వరద రాకముందే ఎక్కి కూర్చోవడానికి వాగుకు రెండు గట్ల మీదా మంచెలు కడుతున్నారు. ఈ గట్టున మేస్త్రి నక్క. ఆ గట్టున మేస్త్రి ఎలుగుబంటి.

కోతి కొండమ్మ పిల్లలు గెంతు, కిచకి, బొండం పనికి పోతామని చిందులేస్తున్నారు. కొండమ్మకు మాత్రం భయం. పోయిన వానాకాలమే వాళ్ల నాన్న మంచె మీంచి పడ్డాడు. ఇంకా కుంటుతున్నాడు.

"నక్క మామ దగ్గరికే పోదామమ్మా! దోసెడు నేరేడుపళ్లిస్తాడట!" అంది కిచకి.

"ముందు నేను చూసొస్తా."

కొండమ్మ నక్కను ఒక్కటే అడిగింది. "మేస్త్రీ, ఈమధ్య నీ పనిలో ఎవరైనా జారారా?"

"నా పనిలోనా? ఒక్కరికీ గోరు కూడా ఊడలేదు!" అని నక్క మీసం దువ్వింది.

పొద వెనక కుందేలు కాలికి ఆకుకట్టుతో కూర్చుని ఉంది.

"ఏమైంది తమ్ముడూ?"

"ఇంటి దగ్గర జారానని చెప్పమన్నాడు మేస్త్రి," అని గొణిగింది కుందేలు.

కొండమ్మ వాగు దాటి ఎలుగుబంటినీ అదే అడిగింది.

"జారకేం! నిన్న ఉడత జారింది. మొన్న నేనే జారాను, చూడు నా వీపు! అందుకే మెట్ల మీద ఇసుక చల్లాం."

అంతలో పైనుంచి ఉడత అరిచింది. "మేస్త్రీ, తాడు నలిగింది!"

"ఆపండర్రా పని!"

అందరూ దిగారు. కొత్త తాడు కట్టాకే ఎక్కారు. ఎలుగు ఉడతకు తేనెపట్టు ముక్క ఇచ్చింది.

కొండమ్మ ఇంటికొచ్చి, "ఎలుగు దగ్గరికే," అంది.

"అక్కడ అందరూ జారుతున్నారుగా!" అంది గెంతు.

"జారిన సంగతి చెప్పుకుంటున్నారు. ఇక్కడ దాస్తున్నారు. పదండి."

మధ్యాహ్నం వాన దంచికొట్టింది. ఎలుగు పని ఆపేసింది. నక్క మాత్రం, "కానివ్వండి! వానకు కరిగిపోతారా?" అని తరిమింది. అక్కడా తాడు నలిగే ఉంది. చెబితే నక్క కసురుతుందని ఎవరూ నోరెత్తలేదు.

తాడు ఫట్! మంచె, కూలీలు, నక్క అంతా బురదలో ధబేల్!

ఎలుగు గుంపు పరుగున వచ్చి వాళ్లను బయటికి లాగింది. కొందరికి కాళ్లు బెణికాయి. నక్కకు నడుము పట్టేసింది.

"ఏమని చెప్పను మేస్త్రీ? ఇంటి దగ్గర జారావనా?" అంది కుందేలు. మూలుగుతున్నవాళ్లు కూడా నవ్వారు.

సాయంత్రం తెరిపిచ్చింది. కొండమ్మ వాకిట్లో నిలబడి, పని నుంచి వస్తున్న పిల్లల్ని లెక్కపెట్టింది.

"గెంతు. కిచకి."

మెడ సాచి దారివైపు చూసింది.

మూతి నిండా తేనెతో ఇంకొకటి గెంతుకుంటూ వచ్చింది.

"బొండం."

నీతి: ఎవరికీ దెబ్బ తగల్లేదని గొప్పలు చెప్పేవాడిని కాదు, దెబ్బ తగలకముందే పని ఆపేవాడిని నమ్మాలి.