సామి ఊఁ అన్నాడు

తిప్పన్నను మట్టిచేసి వచ్చిన మర్నాడు, పొద్దు పొడిచీ పొడవకముందే ప్రభులింగం గురువుగారి గది ముందు నిలబడ్డాడు. మేస్త్రి ఓబులయ్యను కొండ దింపి పంపేయాలి. దానికి గురువుగారి అనుమతి కావాలి.

కొండ మీద మఠానికి కొత్త మంటపం కడుతున్నారు. పని చూసే బాధ్యత ప్రభులింగానిది. రాతిదూలాన్ని పైకి లాగుతుండగా మోకు తెగింది. కింద తిప్పన్న ఉన్నాడు.

తిప్పన్నను పూడ్చే గుంత దగ్గర అందరూ ఉండగానే ప్రభులింగం ఓబులయ్యను నిలదీశాడు.

"మోకు పాడైన సంగతి నీకు ముందే తెలుసా?"

"తెలుసు సామీ."

"తెలిసీ నాకెందుకు చెప్పలేదు? ఒక్క మాట చెప్పి ఉంటే తిప్పన్న ఈపాటికి పనిలో ఉండేవాడు కదా!"

ఓబులయ్య తల వంచుకున్నాడు. ఆ మాట వినవలసిన వాళ్లంతా విన్నారు. తిప్పన్న భార్య ఈరమ్మ కూడా విన్నది. ఆమె ఓబులయ్యకు స్వయానా చెల్లెలు. ఆ క్షణం నుంచి ఆమె అన్న ముఖం చూడలేదు. అతను తెచ్చిపెట్టిన సంగటి ముట్టుకోలేదు.

ఇక్కడ ప్రభులింగం గురించి ఒక మాట చెప్పాలి. ఆయన చెడ్డవాడు కాదు. పనివాళ్లను "ఒరేయ్" అని పిలిచి ఎరగడు. పైగా ఆ మఠంలో మునుపెన్నడూ లేని ఒక పద్ధతి పెట్టాడు. దాని పేరు విన్నపాల వేళ. సోమవారం పూజ కాగానే అరుగు మీద చాప పరిపించి కూర్చునేవాడు. పనివాళ్లు ఒక్కొక్కరే వచ్చి ఎదురుగా కూర్చుని తమ కష్టం, తమ అవసరం, నోటికొచ్చిందల్లా చెప్పుకోవచ్చు. కసురుకోవడం లేదు, విసుక్కోవడం లేదు. ప్రభులింగం జపమాల తిప్పుకుంటూ, కళ్లు సగం మూసుకుని, ప్రతి మాటకూ చల్లగా "ఊఁ" అనేవాడు. ఎంత చల్లని ఊఁ అనుకున్నారు! చెప్పుకునేవాడికి సగం బరువు అక్కడే దిగిపోయేది. ఈ పద్ధతి చూసిపోవడానికి పక్క మఠాల నుంచి కూడా పెద్దలు వచ్చారు. చూసి మెచ్చుకున్నారు. వాళ్లు చూసింది చాపనీ, అరుగునీ, తల ఊపడాన్నీ. ఆ తల లోపలికి ఏం పోతున్నదో ఎవరు చూడగలరు?

అందుకే ప్రభులింగానికి అంత కోపం. ఇంత చేసి పెడితే చెప్పుకోవడానికి ఏం రోగం? ఆయన అబద్ధమాడటం లేదు. తనకెవరూ చెప్పలేదనే మనసారా నమ్మాడు. నన్నడిగితే ఈ కథలో మోకు తెగడం కన్నా ఘోరం అదే.

గురువుగారిని అందరూ పెద్దయ్య అంటారు. ఆ ఉదయం ఆయన గొంగడి కప్పుకుని కుంపటి ముందు కూర్చుని ఉన్నాడు.

"రా లింగా, కూర్చో."

ప్రభులింగం కుంపటి పక్కనే కూర్చుని, వచ్చిన పని చెప్పాడు. "ఓబులయ్యను పంపేస్తాను పెద్దయ్యా. చెప్పవలసిన మాట చెప్పనివాడు మేస్త్రిగా ఉంటే రేపు ఇంకొకడు పోతాడు. ఈ పూటే పనివాళ్లందరినీ పిలిచి, వాళ్ల ముందే చెప్పి పంపుతాను."

"అలాగే చేద్దువు గానీ," అన్నాడు పెద్దయ్య. "రాత్రి ఒక కథ గుర్తుకొచ్చింది. ఎవరికీ చెప్పకపోతే మళ్లీ మరిచిపోతాను. చెబుతాను, ఊఁ కొట్టు."

ప్రభులింగం లోపల్లోపల విసుక్కున్నాడు. పెద్దయ్య కథలు ఒక పట్టాన తెమలవు. అయినా గురువు చెబుతానంటే కాదనే శిష్యుడెవడు? జపమాల చేతిలోకి తీసుకున్నాడు.

"అనగనగా ఒక ఊళ్లో ఒక రైతు."

"ఊఁ."

"ఆ రైతుకు ఒక ఎద్దు."

"ఊఁ."

"ఆ ఎద్దుకు ఒక కాలు కుంటి."

"ఊఁ."

ప్రభులింగం మనసు అప్పటికే పనివాళ్ల ముందుకు పోయింది. ఎక్కడ మొదలుపెట్టాలి? 'మిమ్మల్ని బిడ్డల్లా చూసుకున్నాను' అని మొదలుపెడితే బాగుంటుంది. ఆ తర్వాత తిప్పన్న మాట తేవాలి. ఈరమ్మ ముందు వరసలోనే ఉంటుంది, ఆమె వైపు చూసి అనాలి.

పెద్దయ్య గొంతు పెరగలేదు, తగ్గలేదు. ఎద్దు గురించి చెప్పిన గొంతుతోనే చెప్పుకుపోతున్నాడు.

"ఎద్దును తోలుకుని రైతు సంతకు బయల్దేరాడు."

"ఊఁ."

"నీ ఉత్తరీయం అంచు కుంపట్లో పడింది."

"ఊఁ."

"పొగ లేస్తోంది."

"ఊఁ."

"తీసెయ్యమంటావా, కాలనిమ్మంటావా?"

"ఊఁ."

"కాలనిమ్మంటావా?"

"ఊఁ."

పెద్దయ్య చేతులు గొంగట్లోకి ముడుచుకుని చూస్తూ కూర్చున్నాడు. మంట అంచు దాటి భుజం దాకా పాకి, చెవి కింద చురుక్కుమన్నాక ప్రభులింగం కేక వేసి లేచాడు. ఉత్తరీయం లాగి కింద పడేసి కాళ్లతో తొక్కాడు. గదంతా కమురు వాసన.

"ఏమిటి పెద్దయ్యా ఇది! చూస్తూ కూర్చున్నారు, ఒక్క మాట చెప్పకూడదా?"

"చెప్పాను," అన్నాడు పెద్దయ్య. "అడిగాను కూడా. ఊఁ అన్నావు."

ప్రభులింగం ఆయన వైపు చూశాడు. పెద్దయ్య ముఖంలో నవ్వు లేదు. శిష్యుడికి పాఠం చెప్పినవాడి తృప్తి కూడా లేదు. కళ్లల్లో నీళ్లున్నాయి. అది పొగ వల్లనో మరి దేనివల్లనో చెప్పలేం.

"ఎవరినో పంపేస్తానన్నావు," అన్నాడాయన. "పో నాయనా, ఆలస్యమవుతోంది."

ప్రభులింగం పనివాళ్లను పిలిపించలేదు. ఒక్కడే రాళ్లు చెక్కే చోటికి దిగిపోయాడు. అక్కడ సగం చెక్కిన స్తంభం పక్కన ఓబులయ్య కూర్చుని ఉన్నాడు. ఉలీ సుత్తీ గోనెలో వేసి మూతి కట్టేసి ఉంది. ప్రభులింగాన్ని చూసి లేచి నిలబడ్డాడు.

"పొమ్మనే దానికే వస్తారని తెలుసు సామీ. మూట కట్టి పెట్టుకున్నా."

"అది కాదు ఓబులయ్యా. ఒక్క మాట అడగాలి. మోకు సంగతి నువ్వు నాకు చెప్పావా?"

ఓబులయ్య ఇందులో ఇంకేం మెలిక ఉందోనని చూశాడు. ఆయన చెవి కింద ఎర్రగా కమిలిన చోటు చూశాడు.

"చెప్తి సామీ."

"ఎప్పుడు?"

"పోయిన సోమారం. మీ ఎదురుగా కూకోని చెప్తి. మోకు పీచు లేసింది సామీ, కొత్తది వచ్చేదాకా పని నిలపమంటారా, దీంతోనే లాగమంటారా అని అడిగితి."

"నేనేమన్నాను?"

"ఊఁ అంటిరి."

"దేనికి ఊఁ అన్నాను?"

"అదే నాకూ తెలీకపాయె. మళ్లీ అడిగితి. మళ్లీ ఊఁ అంటిరి. మూడోతూరి అడిగితే బాగుండదని లేసొచ్చేస్తి."

ప్రభులింగం ఆ సోమవారాన్ని గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. అరుగు గుర్తుంది, ఎండ గుర్తుంది. ఆ రోజు జపం ఎక్కడా తప్పకుండా సాగిందని కూడా గుర్తుంది. ఎదురుగా కూర్చున్న ఈ మనిషి మాత్రం గుర్తుకు రాలేదు.

"కింద మావోళ్లంతా ఏమన్యాడు సామి అని అడిగిరి," ఓబులయ్య చెప్పుకుపోయాడు. "ఊఁ అన్యాడంటి. నాకు మనసొప్పక, ఒకపూట ఆగుదాం అంటి. తిప్పన్నే వినలే. 'సామి అన్నీ ఆలోచించే ఊఁ అనింటాడు బావా, లాగమనే గదా' అని వాడే ముందర దిగె."

దూలం పడిన చోట ఎవరో ఎర్రమట్టి చల్లారు.

"మూట విప్పు ఓబులయ్యా," అన్నాడు ప్రభులింగం. "పోవలసింది నువ్వు కాదు."

ఓబులయ్య మూట విప్పలేదు, ఎత్తుకోనూ లేదు.

"అంతమందిలో నిన్ను అన్ని మాటలన్నాను. చెప్పానని అప్పుడే అనకపోయావా?"

"దినం కాని దినం, శవం ముందర పెట్టుకోని మీతో వాదులాడాల్నా సామీ?"

"పోనీ, ఈరమ్మతోనైనా చెప్పకపోయావా? తోడబుట్టింది కదా. నువ్వే మొగుణ్ణి చంపావని అనుకుంటోందే!"

ఓబులయ్య స్తంభం మీది రాతిపొడిని అరచేత్తో తుడిచాడు. తుడిచిన చోటే మళ్లీ తుడిచాడు.

"చెప్తి సామీ. రేత్రి వాకిట్లో కూకోని, కాళ్లు పట్టుకోని చెప్తి. నమ్మలే."

"ఎందుకు నమ్మలేదు?"

"'సామికి చెప్పింటే సామి ఇనకుండా ఉంటాడా' అనె."

ప్రభులింగం ఈరమ్మ గుడిసె వైపు నడిచాడు.