ఊపిరి దాచుకున్న గుర్రం

పులివాగు లోయలో ఎండాకాలం వచ్చిందంటే నీళ్లు మిగిలేది ఒక్క మడుగులోనే. ఆ మడుగులో ముందు ఎవరు తాగాలన్నది ఏటా ఫాల్గుణంలో ఒక పరుగు పందెం తేలుస్తుంది. మిట్ట మీది జంతువులన్నీ ఒక జట్టు, పల్లంలోవన్నీ ఒక జట్టు. జట్టుకో గుర్రం, గుర్రానికో రౌతు. వాగు రేవులో బయల్దేరి, ఇసుక మేట దాటి, తుప్పల్లోంచి పోయి, నిట్టనిలువు గట్టెక్కి, పైనున్న ఏనుగురాయిని ముట్టుకోవాలి. గెలిచినవాళ్లు వేసవంతా తెల్లారగానే తేటనీళ్లు తాగుతారు. ఓడినవాళ్లు మధ్యాహ్నం వచ్చి, వాళ్లు తొక్కి వదిలిన బురద తాగుతారు.

మూడేళ్లుగా బురద తాగుతున్నది పల్లం జట్టే. కిందటి వేసవిలో ఆ నీళ్లు తాగి రెండు జింకపిల్లలు చచ్చిపోయాయి.

పల్లం జట్టు గుర్రం పేరు చుక్కమ్మ. నుదుట తెల్లమచ్చ ఉన్న ఎర్రటి ఆడగుర్రం. కిందటేడు పందెంలో ఇసుక మీద అందరికంటే ముందు దూసుకుపోయింది గానీ, గట్టు సగానికి ఎక్కేసరికి కాళ్లు వణికి కూలబడింది. మిట్ట జట్టు గుర్రం తురాయి మీద కూర్చున్న పాపయ్య నక్క పక్కనుంచి పోతూ, "పడుకో చుక్కమ్మా, పడుకో. దుప్పటి పంపించమంటావా?" అన్నాడు.

ఆ మాట కంటే, పిల్లల్ని పోగొట్టుకున్న తల్లి జింక తనను పల్లెత్తు మాట అనకపోవడమే చుక్కమ్మని ఎక్కువ కోసింది. వానలు తగ్గగానే రోజూ పొద్దున్నే గట్టు ఎక్కడం మొదలుపెట్టింది. పడేదాకా ఎక్కేది, పడిలేచి మళ్లీ ఎక్కేది.

ఎనిమిదోరోజు గట్టు కింద మేస్తున్న గంగులు అనే ముసలి ఎద్దు తల ఎత్తాడు. "ఏమ్మా, నీ ఒంటి మీద నీకేమైనా కక్షా?" అన్నాడు.

"కష్టపడకపోతే గెలుపెలా వస్తుంది తాతా?"

"తొమ్మిదేళ్లు బండలాగుడు పందేల్లో లాగినోణ్ణి. కష్టం సంగతి నాకు చెబుతావా? కష్టపడ్డరోజు ఒళ్లు చితుకుతుంది. ఆ మర్నాడు ఊరకుంటే అతుక్కుంటుంది. అతుక్కున్నది ముందుకంటే గట్టిగా ఉంటుంది. నువ్వు అతుక్కోనివ్వకుండానే మళ్లీ చితక్కొడుతున్నావు."

చుక్కమ్మ రొప్పుతూ నిలబడింది. ఎనిమిది రోజుల్లో తన పరుగు తగ్గిందే తప్ప పెరగలేదని దానికీ తెలుసు.

"అయితే నేర్పు తాతా," అంది.

"నీ రౌతును కూడా పిలువు. సగం తప్పు వాడిది."

రౌతు కిట్టప్ప అనే కొండముచ్చు. మేడిపళ్లు తిని పొట్ట పెంచాడు. తన తప్పు అనగానే ఎగిరిపడ్డాడు. "పరుగెత్తేది అక్క. నేను ఊరికే కూర్చుంటానంతే కదా!"

"ఆ కూర్చోవడమే దాన్ని కూలదోసింది," అన్నాడు గంగులు. "గుర్రం దౌడు తీసేటప్పుడు అడుగుకో ఊపిరి తీస్తుంది. కాళ్లెలా పడితే ఊపిరి అలా ఆడుతుంది. నువ్వేమో సగం దూరానికే తొడలు పీకి, వీపు మీద మూటలా ఎగిరెగిరి పడుతున్నావు. నువ్వు పడ్డప్పుడల్లా దాని ఊపిరి తెగుతోంది. ముందు నీ కాళ్లు గట్టిపడాలి, అబ్బాయ్."

ఆ రోజు నుంచి కిట్టప్ప ఒక ఊగే కొమ్మ మీద మోకాళ్లు వంచి, పిర్రలు ఆనకుండా నిలబడాలి. ఎంతసేపంటే, గంగులు మూడు ముద్దలు నెమరు వేసేంతసేపు. మొదటిరోజు ఒక ముద్ద పూర్తికాకుండానే ధబ్బున కిందపడ్డాడు.

"తాత కావాలనే నెమ్మదిగా నములుతున్నాడక్కా!" అని ఏడిచాడు.

చుక్కమ్మకూ నెమరు ముద్దే కొలత. అది గట్టు మీదికి ఒక బిగిన పరుగెత్తాలి, నడుచుకుంటూ దిగాలి, మళ్లీ పరుగెత్తాలి. దిగాక కిట్టప్ప దాని ఎడమ ముంగాలి వెనక అరచెయ్యి పెట్టి గుండె చూసేవాడు. గుండె దడ తగ్గి మామూలుగా కొట్టుకోవడానికి మొదట్లో తొమ్మిది ముద్దలు పట్టేది. తగ్గేదాకా రెండో పరుగు లేదు. దడ తగ్గలేదంటే ఆ రోజుకి అంతే.

ఒకరోజు పరుగు, మర్నాడు వాగు లోతులో ఈత, ఆ మర్నాడు ఒట్టి నడక. చెమట పట్టినరోజు ఉప్పుగడ్డ నాకి, నీళ్లు కొంచెం కొంచెంగా తాగాలి. పరుగు ఆపగానే బొమ్మలా నిలబడిపోకూడదు, ఒళ్లు చల్లబడేదాకా నడవాలి. అడవి అంచు చేలో రాలిన ఉలవలు నాననిచ్చి, పరుగైన చాలాసేపటికి తినాలి.

పల్లం జంతువులకు ఇదేం నచ్చలేదు. "మూడ్రోజులకోసారి పరుగేంటి? ఉలవలు తిని ఈత కొట్టడానికా దీన్ని పంపింది?" అని అడవిపంది మొహం మీదే అడిగింది. చుక్కమ్మకు సిగ్గేసింది. అయినా కిట్టప్ప అరచెయ్యి చెప్పినదాన్నే నమ్ముకుంది. తొమ్మిది ముద్దలు ఏడయ్యాయి. సంక్రాంతి వెళ్లేసరికి నాలుగు. మాఘం చివర్లో ఒకరోజు కిట్టప్ప చెయ్యి పెట్టి, తీసి, మళ్లీ పెట్టి, "తాతా, రెండే ముద్దలు!" అని కేకేశాడు. ఆ వేళ వాడు కూడా కొమ్మ మీద ఐదు ముద్దలసేపు నిలబడ్డాడు. పొట్ట ఎప్పుడో పోయింది.

పందెం ఇక పన్నెండు రోజులుందనగా గంగులు పరుగులు ఇంకా తగ్గించేశాడు. "చెయ్యాల్సింది చేసేశాం. ఇక మిగిలింది అతుక్కోవడమే," అన్నాడు.

సరిగ్గా అప్పుడే పాపయ్య నక్క వచ్చాడు. వచ్చేసరికి చుక్కమ్మ మోకాలి లోతు నీళ్లలో హాయిగా నిలబడి ఉంది, కిట్టప్ప చెట్టు మీద నిద్రపోతున్నాడు. నిగనిగలాడుతున్న చుక్కమ్మ ఒంటిని చూసి నక్క కళ్లు చిన్నవయ్యాయి.

"ఏం మందు వాడుతున్నావు చుక్కమ్మా? మనలో మనకు దాపరికాలెందుకు?"

చుక్కమ్మ గంగులు వైపు చూసింది. గంగులు నమలడం ఆపకుండానే, "ఉన్నదున్నట్టు చెప్పెయ్యమ్మా," అన్నాడు.

చుక్కమ్మ అంతా చెప్పింది. మూడ్రోజులకో పరుగు, ఈత, నడక, ఉప్పుగడ్డ, ఉలవలు, గుండె దడ తగ్గేదాకా ఆగడం, ఇప్పుడు తీసుకుంటున్న విశ్రాంతి, ఒక్కటీ దాచలేదు. నక్క అంతా విని, మీసాలు దువ్వుకుని, నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

నిద్రలేచి సంగతి విన్న కిట్టప్ప నెత్తి బాదుకున్నాడు. "అంతా చెప్పేశావేంటక్కా! ఇక తురాయి కూడా అలాగే చేస్తాడు!"

"చెయ్యడు," అన్నాడు గంగులు. "పుట్టి బుద్ధెరిగాక పాపయ్య ఒక్క నిజం చెప్పలేదు. ఎదుటివాళ్లు చెబుతారని ఎలా అనుకుంటాడు? విశ్రాంతి అన్నామా, అది తనను ముంచడానికి అన్నామనుకుంటాడు. ఉలవలొక్కటే నమ్ముతాడు. ఎందుకంటే వాటిని ఎత్తుకుపోవచ్చు."

గంగులు అన్నట్టే జరిగింది. మర్నాటికి చేలో ఉలవగింజ లేదు. మిట్ట మీది నుంచి మాత్రం పొద్దుటా సాయంత్రమూ తురాయి డెక్కల చప్పుడూ, తుమ్మబరిక చప్పుడూ ఆగకుండా వినబడుతూనే ఉన్నాయి. ఆఖరి సాన పెడుతున్నానని పాపయ్య పందెం ముందురోజు కూడా వాణ్ణి రెండుసార్లు గట్టెక్కించాడు.

పందెం పొద్దున రేవు దగ్గర తురాయిని చూసి చుక్కమ్మ మనసు చివుక్కుమంది. ఎత్తయిన గుర్రమే, కానీ డొక్కలు లోపలికి పోయాయి, జూలు జీవం లేకుండా వేలాడుతోంది. పొద్దున్నే కుక్కిన ఉలవలతో పొట్ట ఒక్కటే ఉబ్బి ఉంది.

"ఒంట్లో బాగుందా తురాయీ?" అంది మెల్లగా.

"మాట్లాడకు!" అని పాపయ్య తురాయి మెడ మీద ఒక్కటి వేశాడు. వాడు తల దించుకున్నాడు.

ఏనుగురాయి మీంచి పందేనికి పెద్ద అయిన నెమలి కూసింది. పందెం మొదలైంది.

బరిక దెబ్బకు తురాయి ఇసుక మేట మీద బాణంలా పోయాడు. చూస్తుండగానే ముప్పై బారల దూరం తేలింది. పల్లం జంతువులు గగ్గోలు పెట్టాయి. "పరుగెత్తు చుక్కమ్మా! ఏం చూస్తున్నావు!" అని అడవిపంది గొంతు చించుకుంది. చుక్కమ్మ కాళ్లు తహతహలాడాయి. కిందటేడూ ఇలాగే ఉబలాటపడ్డాయి.

"ఇంకా కాదక్కా," అన్నాడు కిట్టప్ప దాని చెవి దగ్గర. "అడుగుకో ఊపిరి. అంతే."

అడుగుకో ఊపిరి. వీపు మీద కిట్టప్ప ఉన్నట్టే లేడు. మోకాళ్ల మీద లేచి, దాని భుజాల మీదికి ఒదిగి, అది ఎలా ఊగితే అలా ఊగుతున్నాడు. తుప్పల్లోకి వచ్చేసరికి ముప్పై బారలు ఇరవై అయ్యాయి. గట్టు మొదట్లో పది. అక్కడ తురాయి నోటి వెంట తెల్లని నురగ కారుతోంది. పాపయ్య బరిక మాత్రం ఆగడం లేదు.

"ఇప్పుడు పోదాం అక్కా!"

దాచుకున్న ఊపిరంతా చుక్కమ్మ కాళ్లలోకి దిగింది. గట్టు తన కింద తానే జారిపోతున్నట్టు అనిపించింది దానికి. కిందటేడు కూలబడిన చోటును ఎప్పుడు దాటిందో కూడా చూసుకోలేదు. తురాయి పక్కకు వచ్చినప్పుడు మాత్రం ఒక్క మాట అంది.

"ఆగిపో తురాయీ. గుండె పగిలి చస్తావు."

తురాయి ఆగాడు. వీపు మీద బరిక పడింది. ఇంకోటి పడింది. మూడోది పడేలోగా వాడు ముందుకాళ్లు వంచి, పాపయ్యను తుప్పలోకి దొర్లించేసి, "నువ్వెక్కు ఇక," అన్నాడు.

చుక్కమ్మ నుదురు ఏనుగురాయికి తగిలింది. కింద లోయంతా ఒక్కసారి అరిచింది. అరుపులు దాటుకుని గంగులు గొంతు పైకి వచ్చింది. "నిలబడనివ్వకు కిట్టప్పా! నడిపించు! నడిపించు!" కిట్టప్ప దిగి, ఏడుస్తూ నవ్వుతూ, రాయి చుట్టూ దాన్ని నడిపించాడు. చెయ్యి పెట్టి చూశాడు. రెండు ముద్దలు కూడా పట్టలేదు.

తల్లి జింక ఎదురొచ్చి, చుక్కమ్మ మెడకు మెడ ఆనించి నిలబడింది.

ముందు ఎవరు తాగాలో నెమలి అడిగితే చుక్కమ్మ ఆలోచించలేదు. "పిల్లలు. పల్లం పిల్లలు, మిట్ట పిల్లలు, అన్నీ. తర్వాతే మేము," అంది. అలా అని గట్టు దిగి, వణుకుతూ నిలబడ్డ తురాయి దగ్గరికెళ్లి, "కూర్చోకు, కాళ్లు పట్టేస్తాయి. నాతో నడువు," అని పక్కన పెట్టుకుని మెల్లగా నడిపించింది. మర్నాటి నుంచి గంగులు నెమరు ముద్దల దగ్గర రెండు గుర్రాలు నిలబడ్డాయి.

మిట్ట మీదికి పోవాలంటే గట్టెక్కక తప్పదు, మోయడానికి తురాయి లేడు. పాపయ్య ఏనుగురాయి దగ్గరికి చేరేసరికి పొద్దు వాలింది. తన కాళ్ల మీద తాను ఆ గట్టెక్కడం అదే మొదటిసారి. నాలుక బయటపెట్టి, నాలుగు కాళ్లూ నాలుగు వైపులా పరిచి కూలబడ్డాడు. నెమలి పైనుంచి వంగి చూసింది.

"ఎలా ఉంది బావా గట్టు?"

జవాబు చెప్పడానికి పాపయ్య దగ్గర ఊపిరి లేదు.

మోసేవాడిలో ఎంత ఊపిరుందో చూసుకోకుండా బరిక ఝళిపించేవాడు, చివరికి తన కాళ్ల మీదే గట్టెక్కాలి.