మొదటి వడ్డన చుట్టానికే

కోతమిషన్లు కొత్తగా దిగిన రోజుల్లో వీర్లగూడెం కామందు పరంధామయ్య కూడా ఒకటి కొన్నాడు. దాని డ్రైవరు దానేలు. కోతల ముందు ఇంజనాయిలు మార్చాల్సొచ్చింది. కామందు బావమరిది శేషుబాబు జీపులో ఒక డ్రమ్ము తెచ్చి దింపాడు.

"కంపెనీ ఆయిలు దీని కాలిగోటికి చాలదు బావా. ఏ డీజిలింజన్లోనైనా పోసుకో."

దానేలు వేలు ముంచి చూశాడు. ఎక్కడో వాడి పారేసిన ఆయిలు, శేషుబాబు వడకట్టి తెచ్చాడు.

"ఇది పోస్తే ఇంజను పట్టేస్తుందండయ్యా, ఇక తిరగదు."

"మా శేషు కంటే నీకెక్కువ తెలుసా? అదే పొయ్యి. ఇంజను పట్టేసిందో, నీ ఉద్యోగం ఊడినట్టే" అన్నాడు కామందు.

దానేలు డ్రమ్ము దొర్లించుకుంటూ పోయి శేషుబాబు జీపు బానెట్టెత్తాడు.

"అక్కడేం పనిరా నీకు?" అన్నాడు శేషుబాబు.

"అయ్యగారింట్లో మొదటి వడ్డన చుట్టానికే కదండీ. ఇదీ డీజిలు బండేగా. మిగిలింది మిషనుకి పోస్తాను."

శేషుబాబు కాఫీ గ్లాసు వదిలేసి పరిగెత్తుకొచ్చి బానెట్టుకి అడ్డం పడ్డాడు. "ఆ మడ్డి నా బండిలో పోస్తావా?"

కామందు బావమరిది వంక కాసేపు చూశాడు.

"దానేలూ, కంపెనీ డబ్బాలే తెచ్చి పొయ్యి. ఈ మడ్డి పారబొయ్యి."

"ఎందుకండయ్యా, మన గేటు కీచుమంటోంది, దానికి రాస్తాను. గేటు పట్టేస్తే ఎవరి ఉద్యోగమూ పోదు."